ప్రతి ఆకుకూ ఒక లెక్క

మోకాలికి వావిలి, దెబ్బకు పసుపు, కీళ్లకు శొంఠి... తరాలుగా మన ఇళ్లలో వాపు తీసిన మందులివి. వీటిలో పనిచేసేది ఏది? ఎంతవరకు పనిచేస్తుంది? ఎక్కడ ఆగాలి? పెరటి నుంచి ప్రయోగశాల దాకా ఓ పరిశీలన.

రాత్రి భోజనాలయ్యాక మా అమ్మ మోకాలి వైద్యం మొదలవుతుంది. సాయంత్రం కాలవగట్టు మీద తెంపుకొచ్చిన వావిలాకును చాటలో పోసి, ఈనెలు తీసి, పెనం మీద వేస్తుంది. పైన రెండు చెంచాల ఆముదం. ఆకు చిటపటలాడి వాడిపోతుంటే ఇల్లంతా కర్పూరంలాంటి ఘాటు వాసన. గుప్పెడు ఆకు తీసి నా చేతిలో పెట్టి, ‘‘నీ చెయ్యి ఓర్చుకుంటే నా మోకాలూ ఓర్చుకుంటుంది, చూడు నాన్నా’’ అంటుంది. పాత పంచె చీలికతో కట్టు కట్టించుకుని పడుకుంటుంది. పొద్దున అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: ‘‘కాస్త నయం.’’

ఆ ‘కాస్త నయం’ ఎక్కడి నుంచి వచ్చింది? ఆకులోంచా, ఆముదంలోంచా, వేడిలోంచా? రాత్రంతా కాలు కదపకుండా పడుకోవడం వల్లా? లేక కన్నబిడ్డ దగ్గర కూర్చుని కట్టు కట్టడం వల్లా? ఈ ప్రశ్న వేస్తే అమ్మను అనుమానించినట్టు కాదు. ఆమె చేతిలోని విద్యను గౌరవించే పద్ధతే ఇది. ఆ ప్రశ్న వేసినవాళ్ల వల్లే ప్రపంచానికి కొన్ని గొప్ప మందులు దొరికాయి. ఆ ప్రశ్న వేయనివ్వని వ్యాపారం వల్ల కొందరి కాలేయాలు, కొందరి కీళ్లు పోయాయి.

వాపు పగవాడేం కాదు

అరికాల్లో తుమ్మముల్లు దిగిందనుకోండి. గంటలో ఆ చోటు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి... ఈ నాలుగు లక్షణాలను రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. మన ఆయుర్వేదం దీన్ని శోథ అంది. ఇప్పుడు డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటున్నారు.

నిజానికి ఇది శరీరం చేసే కాపలా పని. ముల్లు దిగిన చోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయిన్లు అనే రసాయనాలను వదులుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. ఈ హడావుడి మొత్తానికి కణం లోపల ఒక మీట లాంటి ప్రొటీన్ ఉంది. దాని పేరు ఎన్ఎఫ్ కప్పా బి. ముల్లు బయటికొచ్చి పుండు మానితే మీట ఆగిపోవాలి. ఆగకుండా నెలలూ ఏళ్లూ నడిస్తేనే జబ్బు. రుమటాయిడ్ కీళ్లవాతంలో కాపలాదారులే సొంత కీలు మీద పడతారు. గౌట్‌లో యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు కీలులో చేరి అగ్గి రాజేస్తాయి. అరిగిన మోకాలిలోనూ ఈ మంట ఎంతో కొంత ఉంటుంది.

మరి దీనికి చెట్టు దగ్గర మందెందుకు ఉంటుంది? చెట్టు కదల్లేదు. పురుగు కొరికినా, మేక మేసినా, బూజు పట్టినా నిలబడిన చోటే తట్టుకోవాలి. అందుకే ఆకులో చేదు, దుంపలో ఘాటు, బెరడులో వగరు, కాయలో కారం దాచుకుంటుంది. తనను కాచుకోవడానికి చెట్టు తయారుచేసుకున్న ఆ పదార్థాల్లో కొన్ని మన కణాల్లోని మీటలకూ సరిపోతాయి. అంతే తప్ప మన కోసం చేసి పెట్టినవి కావు. కాబట్టే వాటిలో మందూ ఉంది, విషమూ ఉంది.

ఒక బెరడు, 208 ఏళ్లు

చెట్టు నుంచి మందు దాకా దారి ఎంత పొడవో తెలియాలంటే విల్లో బెరడు కథ వినాలి. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండ్ మతగురువు లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఎండబెట్టి పొడి చేసిన విల్లో బెరడును సుమారు 50 మంది జ్వరపీడితులకు ఇచ్చాననీ, బాగా పనిచేసిందనీ చెప్పాడు. 1828లో జర్మనీలో బుచ్నర్ ఆ బెరడులోంచి చేదు పదార్థాన్ని వేరు చేసి సాలిసిన్ అన్నాడు. దాని నుంచి సాలిసిలిక్ ఆమ్లం వచ్చింది. నొప్పి తగ్గేది, కానీ కడుపులో మంట భరించలేకపోయేవాళ్లు. 1897లో బేయర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆ అణువుకు చిన్న మార్పు చేశాడు. 1899లో అది ఆస్పిరిన్ పేరుతో బజారుకొచ్చింది.

అప్పటికీ అదెలా పనిచేస్తోందో ఎవరికీ తెలియదు. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడమే దాని పని అని జాన్ వేన్ 1971లో తేల్చాడు. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. పాదిరి ఉత్తరం నుంచి వేన్ తేల్చిన 1971 దాకా 208 ఏళ్లు. ఇన్నేళ్లలో ఏ తరమూ బెరడును వెక్కిరించలేదు, అలాగని గుడ్డిగా మింగమనీ అనలేదు. ఏ పదార్థం, ఎంత, ఎందుకు అని అడుగుతూ పోయారు.

పళ్లెంలో ఎర్రనీళ్లు చెప్పేది

ఇప్పుడు మన పసుపు దగ్గరికి వద్దాం. దుగ్గిరాల యార్డులో కొమ్ములు, కాయలు అంటారు. నిజామాబాద్ యార్డులో కాడి, గోళ అంటారు. తవ్విన దుంపను ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెడతారు. బాగా ఎండిన కొమ్మును రెండు చేతులా పట్టుకుని విరిస్తే ఖంగుమంటుంది. లోపల నారింజ రంగు నిగనిగ. ఆ రంగే కర్కుమిన్. 1815లోనే వోగెల్, పెల్లెటియర్ దాన్ని వేరు చేశారు. 1973లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో శ్రీమల్, ధవన్ అనే శాస్త్రవేత్తలు అది వాపును తగ్గిస్తుందని జంతువుల మీద చూపించారు. గాజు పళ్లెంలోని కణాల మీదైతే ఎన్ఎఫ్ కప్పా బి మీటను అది ఆపుతుందని వందల పరిశోధనలు చెప్పాయి.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. దాన్ని మన ఇంటి గడపలోనే చూడొచ్చు. కొత్త పెళ్లికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తున్నాయా? పళ్లెంలో పసుపు నీళ్లు, అందులో చిటికెడు సున్నం. చూస్తుండగానే పసుపు రక్తంలా ఎర్రబడుతుంది. చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసిన ఆ మాయ కర్కుమిన్ స్వభావమే. క్షారం తగిలితే దాని అణువు మారిపోతుంది, నిలకడ కోల్పోతుంది. మన రక్తం కూడా కొద్దిగా క్షారమే. శరీరపు వేడి దగ్గర, రక్తానికి దగ్గరి క్షారగుణం ఉన్న ద్రావణంలో కర్కుమిన్‌ను ఉంచితే అరగంటలో దాదాపు 90 శాతం విడిపోయినట్టు ప్రయోగశాలలో తేలింది. దానికి తోడు అది నీళ్లలో కరగదు. పేగు దాటడమే కష్టం. దాటిన కాస్తనూ కాలేయం పట్టుకుని బయటికి పంపేస్తుంది. కణాల పళ్లెంలో గెలిచిన పదార్థం మోకాలిని చేరకముందే మాయమైపోతోందన్నమాట.

బామ్మలు పసుపు పాలలో మిరియాల పొడి ఎందుకు వేసేవారో ఇక్కడ అర్థమవుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియంలోని ఘాటు పదార్థం, ఇచ్చి చూశారు. రక్తంలో కర్కుమిన్ 20 రెట్లు పెరిగింది. మిరియం కాలేయం చేతిని కాసేపు పట్టుకుని ఆపుతుంది. అయితే మొదట ఉన్నది దాదాపు శూన్యం కాబట్టి 20 రెట్లయినా అది కొంచెమే. కాలేయం చేయి పట్టుకుంటే మనం వాడే ఇతర మందులు కూడా రక్తంలో పెరిగిపోయే ప్రమాదముంది. ఇదీ లెక్కలోకి రావాలి.

ఇంకో లెక్క. పసుపులో కర్కుమిన్ సగటున 3 శాతం. చెంచాడు పసుపు 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, ఆపైన ఇస్తారు. అంత కూరలోంచి రావాలంటే రోజూ ఆరు నుంచి పదకొండు చెంచాలు తినాలి. తినలేం, తినకూడదు. కూరలో పసుపు ఆహారం, బిళ్లలో పసుపు మందు. రెండూ ఒకటి కావు.

మనదని నిరూపించాం... తర్వాత?

1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చారు. మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ ఎదురు తిరిగింది. ఇది మా ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న విద్య అని పాత గ్రంథాలు ముందుపెట్టి పోరాడింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. సంప్రదాయ వైద్య విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా భద్రపరిచే పని 2001లో మొదలు కావడానికి అది ఒక కారణం. గర్వపడాల్సిన గెలుపే.

కానీ పసుపు మనదని నిరూపించడం వేరు, అది రోగికి పనిచేస్తుందని నిరూపించడం వేరు. 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా పరిశోధకులు మోకాలి అరుగుదలతో పాటు కీలులో నీరు చేరిన 70 మందిని తీసుకున్నారు. సగం మందికి పసుపు సారం, సగం మందికి ఉత్తుత్తి బిళ్లలు. ఎవరికి ఏది వెళ్లిందో అటు రోగికీ తెలియదు, ఇటు డాక్టరుకూ తెలియదు. 12 వారాల తర్వాత పసుపు తీసుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది. ఎంఆర్ఐ తీసి చూస్తే మాత్రం కీలు లోపలి వాపులో, నీటిలో తేడా లేదు. నొప్పి తగ్గింది, వాపు తగ్గలేదు!

ఈ ఫలితాన్ని నిజాయితీగా అందుకుందాం. మోకాలు నొప్పితో మెట్లెక్కలేని మనిషికి నొప్పి తగ్గడం చిన్న విషయం కాదు. అలాగని ‘వాపును సమూలంగా పోగొట్టే పసుపు’ అని ప్రకటన వేస్తే అది అబద్ధం.

అందుగు చెట్టు బంక

కొన్ని చెట్లు ఈ పరీక్షలో ఇంకాస్త ముందున్నాయి. ఎండు కొండల్లో పెరిగే అందుగు చెట్టు బెరడు మీద గాటు పెడితే పాలలాంటి బంక కారి, గాలికి గట్టిపడి, తేనెరంగు పలుకులవుతుంది. నిప్పు మీద వేస్తే సాంబ్రాణి వాసన. ఆయుర్వేదంలో దీన్ని శల్లకి అంటారు. ఇందులో బోస్‌వెల్లిక్ ఆమ్లాలున్నాయి. ల్యూకోట్రయిన్లు తయారుచేసే ఎంజైమును ఇవి అడ్డుకుంటాయని జర్మనీ శాస్త్రవేత్తలు 1990ల్లో చూపించారు. ఆస్పిరిన్ మూసే దారి ఒకటైతే, అందుగు మూసేది దాని పక్క దారి.

ఇందులో మన తెలుగువాళ్ల పని ఉంది. బంకలోని చురుకైన ఆమ్లాన్ని 30 శాతానికి చిక్కబరిచిన సారాన్ని విజయవాడ పరిశోధకులు తయారుచేశారు. 75 మంది మోకాలి రోగుల మీద 90 రోజులు చేసిన ప్రయోగాన్ని 2008లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. తయారీదారు చేసిన ప్రయోగం కాబట్టి ఇతరులూ తూకం వేయాలి. ఆ తూకం వేసే కొక్రేన్ సంస్థ 2014 సమీక్షలో, చిక్కబరిచిన అందుగు సారం రోజుకు 100 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు 90 రోజులకు, వందకు లెక్కగట్టే నొప్పి ఉత్తుత్తి బిళ్ల వాళ్లకంటే సగటున 17 పాయింట్లు తక్కువుందని రాసింది. పరీక్షించింది కొద్దిమందినే అయినా ఆశ పుట్టించే అంకె.

అయితే గాట్లు ఎక్కువ పెడితే చెట్టు నీరసిస్తుంది, గింజ కట్టడం తగ్గుతుంది. దీనికి చుట్టమైన కొండ సాంబ్రాణి చెట్టు శేషాచలం, నల్లమల లాంటి మన తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. బంక తీసే గిరిజనుడికి చెట్టును చంపకుండా తీసే పద్ధతి తెలిసుండాలి, చంపకుండా తీసినందుకు తగిన ధర కూడా దక్కాలి. మన మోకాలి నొప్పి తీరడానికి కొండ బోడి కాకూడదు.

శొంఠి, నల్లేరు, వావిలి

శొంఠి లేని కషాయం ఉండదంటారు. అల్లం ఎండితే వచ్చేది శొంఠే అయినా రెండిట్లో మందు ఒకటి కాదు. పచ్చి అల్లంలో జింజెరాల్. ఎండేకొద్దీ అందులోని నీటి అంశ విడిపోయి ఇంకా ఘాటైన షోగాల్ అవుతుంది. అల్లాన్ని అల్లంగా, శొంఠిని శొంఠిగా వేరువేరుగా వాడిన పెద్దల నాలుకకు ఆ తేడా తెలుసు. మోకాళ్ల మీద అల్లం చేసిన 5 ప్రయోగాలను, 593 మంది ఫలితాలను కలిపి 2015లో చూశారు. నొప్పి కొద్దిగా తగ్గింది. కడుపులో ఇబ్బంది, రుచి నచ్చకపోవడం లాంటి కారణాలతో మధ్యలో మానేసినవాళ్లు మాత్రం ఎక్కువే.

నల్లేరు కాడలు కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోకపోతే దురద పెడుతుంది. కాడలోని ఆక్సలేట్ సూదుల వల్ల అది. అందుకే బాగా వేయించి, చింతపండు వేసి పచ్చడి చేస్తారు. విరిగిన ఎముకకు నల్లేరు కట్టడం పాత వైద్యం. 2013లో కీళ్ల నొప్పులున్న 29 మంది వ్యాయామపరులకు 8 వారాలు దీన్నిస్తే నొప్పులు తగ్గాయి. కానీ పోల్చి చూడటానికి ఉత్తుత్తి బిళ్లల వర్గం లేదు కాబట్టి ఖాయంగా చెప్పలేం.

ఇక అమ్మ వావిలి. ఇందులో అగ్నుసైడ్, నెగుండోసైడ్, కాస్టిసిన్ లాంటి పదార్థాలున్నాయి. జంతువుల మీద వాపు తగ్గించిన దాఖలాలు చాలా ఉన్నాయి. బాలింతలకు వావిలాకు నీళ్లు పోయని పల్లె లేదు. ఇంత వాడకమున్న ఆకు మీద, పసుపు మీద జరిగినట్టు మనుషుల్లో పెద్ద పరీక్షలు జరగాలి. మన విశ్వవిద్యాలయాలు తలకెత్తుకోవాల్సిన పని ఇది.

కంచె మీది నిప్పు

వానాకాలం కంచెల మీద మంటలా ఎగసే ఎరుపు, పసుపు రేకుల పువ్వు అగ్నిశిఖ. అడవి నాభి అనీ అంటారు. తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా ఇదే. అక్కడ రైతులు దీన్ని గింజ కోసం సాగు చేస్తారు. ఆ గింజలో, దుంపలో ఉండే కోల్చిసిన్ గౌట్ రోగికి వరం. తెల్లకణాలు కదలడానికి అవసరమైన లోపలి పట్టాలను అది విప్పేస్తుంది. అవి కీలు దాకా రాలేవు, మంట చల్లారుతుంది. ఇప్పుడు గుండె వైద్యంలోకీ అడుగుపెట్టింది. ధమనుల్లోని మంటను అదుపులో పెట్టి గుండెపోటు ముప్పు తగ్గించడానికి రోజుకు 0.5 మిల్లీగ్రాముల మోతాదును అమెరికా ఔషధ సంస్థ 2023లో ఆమోదించింది.

0.5 మిల్లీగ్రాములు! ఆవగింజ కంటే తేలిక. అదే మొక్క దుంపను పొరపాటున తిన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మందుకూ విషానికీ మధ్య ఉన్న గోడ ఎంత పలచనో చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ‘మొక్కే కదా, ఏం చేస్తుంది?’ అనేవాళ్లకు ఈ పువ్వును చూపించాలి.

లెక్క తప్పితే

మా పెద్దమ్మకు నలభై దాటాక చేతివేళ్లు వాచాయి. పొద్దున లేవగానే పిడికిలి బిగుసుకోదు, చెంబు పట్టుకోలేదు. పొట్లాల్లో బూడిదరంగు పొడి ఎవరో ఇస్తున్నారంటే వెళ్లింది. అంతా మూలికలే అన్నారు. వారానికే వేళ్లు ముడుచుకున్నాయి, ఇంటిల్లిపాదీ ఆ పొడికి దండం పెట్టాం. ఏడాది తిరిగేసరికి ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగరొచ్చింది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షలో తేలింది. అసలు జబ్బు రుమటాయిడ్. మెథోట్రెక్సేట్ లాంటి మందు మొదట్లోనే పడితే కీళ్లు నిలబడేవి. ఆ ఏడాదిలో వేళ్లు వంకరపోయాయి. ఇప్పుడామె నాకు అన్నం కలిపి పెట్టాలన్నా వేళ్లు దగ్గరకు రావు. ఈ వ్యాసం రాయడానికి ఆ చేతులే కారణం.

మోసం లేకపోయినా ప్రమాదముంది. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. ఆ రోజుల్లో దాన్ని వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న 6 కేసులను 2021లో ముంబయి వైద్యులు నమోదు చేశారు. అది అసలు తిప్పతీగో, దాన్ని పోలిన మరో తీగో తేలలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఆ వాదన నిజమైనా పాఠం మారదు. తీగ ఏదో గుర్తుపట్టలేనివాడు మందివ్వకూడదు. పసుపు బిళ్లలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను అమెరికా పరిశోధకులు 2022లో ప్రకటించారు. ఆ పదిమందిలో ఏడుగురిది ఒకే రకం జన్యువు. కొందరి ఒంటికి పడదని దానర్థం.

కల్తీ సంగతి సరేసరి. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవడానికి సీసం ఉన్న రంగు కలిపేవారు. పరిశోధకులు బయటపెట్టాక ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో కనిపించిన సీసం 2021కి సున్నా అయింది. కల్తీ తప్పదని సరిపెట్టుకోవాల్సిన పనిలేదని ఆ పొరుగు దేశం రుజువు చేసింది.

మొదలుపెట్టే ముందు ఐదు ప్రశ్నలు

1. జబ్బేమిటో తేలిందా? కీళ్ల వాపు ఆరు వారాలు దాటినా, పొద్దున లేవగానే అరగంటకు మించి బిగుసుకున్నా ముందు రుమటాలజిస్టును కలవాలి. 
2. ఏ మొక్క, ఏ భాగం, ఎంత? సీసా మీద ఈ మూడూ రాసి లేకపోతే కొనొద్దు. 
3. వేరే మందులు వాడుతున్నారా? రక్తం పలచబరిచే మందులు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు పసుపు, మిరియాల సారాలు వేసుకునే ముందు డాక్టరును అడగాలి. గర్భిణులు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు కూడా. 
4. రెండు మూడు రోజుల్లోనే అద్భుతం జరిగిందా? అయితే అనుమానించండి. స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అలాంటి పొడిని హఠాత్తుగా మానడమూ ప్రమాదమే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 
5. కళ్లు పచ్చబడ్డాయా, మూత్రం ముదురు రంగులో వస్తోందా? మూలిక ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

చిటికెడు, గుప్పెడు, మూడు రాత్రులు

ఈ వ్యాసం కోసం ఇవన్నీ చదివాక ఓ రాత్రి అమ్మ పక్కన నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను.

‘‘ఆకు ఎంతమ్మా?’’

‘‘గుప్పెడు.’’

‘‘ఎన్నాళ్లు?’’

‘‘మూడు రాత్రులు. తగ్గితే సరే. తగ్గకపోతే నాలుగో రోజు డాక్టరు దగ్గరికే.’’

‘‘కషాయం కాచి తాగొచ్చా?’’

‘‘మా అమ్మ కట్టమంది, తాగమన్లేదు. చెప్పనిది చెయ్యకూడదు నాన్నా. ఆకు పచ్చగా ఉందని ఆవు కూడా అన్నీ మేయదు.’’

రాసుకుంటూ ఆగిపోయాను. మన పెద్దల వైద్యంలో కొలత లేనిదెప్పుడు? చిటికెడు, శనగగింజంత, ఉసిరికాయంత, పరగడుపున, మండలం రోజులు, పథ్యం... మాటమాటకూ ఓ హద్దు ఉండేది. టాస్మేనియా ప్రయోగశాల అడిగిందీ ఆ హద్దునే. ‘ఎంత తింటే అంత మంచిది’ అన్న మాట పెద్దలదీ కాదు, శాస్త్రానిదీ కాదు. అది సీసా అమ్మేవాడిది.

కట్టు ముడి వేశాక అమ్మ కాలు మెల్లగా చాపుకుంది. నోటు పుస్తకంలో గుప్పెడు ఆకు, రెండు చెంచాల ఆముదం, మూడు రాత్రులు అని ఉంది. దాని కింద నాలుగో రోజు తేదీ వేసి, డాక్టరు ఫోన్ నంబరు రాశాను.